రక్తం ఆపే కఫ్‌కీ ఒక డోసు ఉంది

మోకాలి చిప్ప విరిగినా, మణికట్టులో నరం నొక్కుకుపోయినా, సర్జన్ కత్తి పట్టుకునేలోపు థియేటర్లో జరిగే పని ఒకటుంది. తొడకో పైచేతికో ఒక వెడల్పాటి పట్టీ చుట్టి, దానిలోకి గాలి నింపుతారు. చూడటానికి బీపీ పట్టీలాగే ఉంటుంది. కాకపోతే బీపీ పట్టీ నిమిషంలోపే వదిలేస్తుంది, ఇది గంట, గంటన్నర పట్టుకునే ఉంటుంది. అంతసేపూ ఆ కాలికో చేతికో రక్తం దాదాపుగా వెళ్లదు. దీని పేరు టోర్నికెట్. థియేటర్లో పనిచేసేవాళ్లు కఫ్ అనేస్తారు.

ఇంత పని ఎందుకంటే, ఎముకల సర్జరీలో కనపడటమే సగం పని. మణికట్టు దగ్గర అంగుళం వెడల్పు కూడా లేని సొరంగంలో తొమ్మిది టెండన్లు (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లు), ఒక ముఖ్యమైన నరం పక్కపక్కనే ఉంటాయి. అక్కడ రక్తం ఊరుతుంటే ఏది నరమో ఏది టెండనో తేల్చుకోవడం కష్టం. రక్తం ఆపేస్తే అన్నీ తెల్లగా, విడివిడిగా కనిపిస్తాయి. అందుకే ఇది వాడటం తప్పు అని సాధారణంగా ఎవరూ అనరు. ఎంత ఒత్తిడితో, ఎంతసేపు అన్నదే అసలు ప్రశ్న. మందుకు డోసు ఉన్నట్టే దీనికీ ఉంది. మందు డోసు రాసేటప్పుడు ఉండే జాగ్రత్త కఫ్ దగ్గర అంతగా కనిపించకపోవడమే నా బాధ.

1718లో ఫ్రెంచి సర్జన్ జాన్ లూయీ పెతీ మరతో బిగించే పరికరం చేశాడు. 1873లో జర్మన్ సైనిక సర్జన్ ఎస్మార్క్ రబ్బరు పట్టీని ప్రచారంలోకి తెచ్చాడు. కాలి వేళ్ల దగ్గర్నుంచి పైకి గట్టిగా చుట్టుకుంటూ వెళ్తే రక్తం పైకి వెళ్లిపోతుంది, పైన కట్టేస్తే మళ్లీ కిందికి రాదు. ఆ పట్టీని నేటికీ ఎస్మార్క్ అనే పిలుస్తున్నాం. రబ్బరు ఎంత బిగిసిందో తెలిసే దారి లేదు కాబట్టి కొందరికి నరాలు దెబ్బతిని చెయ్యి పడిపోయేది. అమెరికన్ సర్జన్ హార్వీ కుషింగ్ ఇటలీలోని పావియాలో రివా-రోచ్చి తయారుచేసిన బీపీ పట్టీని చూసి వచ్చాడు. అదే పద్ధతిలో గాలితో నిండే టోర్నికెట్‌ను 1904లో పరిచయం చేశాడు. దాంతో ఒత్తిడిని కొలిచి, కావలసినంతే పెట్టే వీలు మొదటిసారి వచ్చింది.

నరం ఎలా దెబ్బతింటుందో 1972లో ఒచోవా, ఫౌలర్, గిలియట్ అనే పరిశోధకులు బబూన్ కోతుల్లో చూపించారు. కోతుల కాళ్లకు చాలా ఎక్కువ ఒత్తిడితో కఫ్ వేసి, తర్వాత ఆ నరాలను మైక్రోస్కోపు కింద పెట్టారు. మన నరాల పోగులకు మైలిన్ అనే కొవ్వు తొడుగు ఉంటుంది. ఆ తొడుగు అక్కడక్కడా ఆగి, చిన్న సందు వదిలి మళ్లీ మొదలవుతుంది. ఆ సందులను రాన్వియే కణుపులు అంటారు. నరంలో సంకేతం ఒక కణుపు నుంచి ఇంకో కణుపుకు దూకుతూ పోతుంది. కఫ్ నొక్కినచోట ఆ కణుపులు వాటి స్థానం నుంచి పక్కకు జరిగిపోయి ఉన్నాయి. కణుపుకు ఒకపక్క తొడుగు సాగిపోయింది, ఇంకోపక్క తొడుగులో తొడుగు దూరిపోయింది. అన్నిటికంటే ముఖ్యంగా, ఈ నష్టం కఫ్ మధ్యలో లేదు. రెండు అంచుల కిందే ఉంది. నొక్కిన భాగానికీ నొక్కని భాగానికీ మధ్య ఒత్తిడి తేడా ఎంత ఎక్కువైతే నరం అంతగా ఒకవైపుకు నెట్టుకుపోతుందన్నమాట. రక్తం అందకపోవడం ఒక్కటే నరాన్ని చంపదు, నొక్కుడే నేరుగా గాయం చేస్తుంది.

కఫ్ వెడల్పుగా ఉండాలనేది ఇక్కడినుంచే అర్థమవుతుంది. లంగా నాడా బిగిస్తే నడుము కోసుకుపోతుంది, అదే వెడల్పాటి బెల్టు ఏమీ అనదు. కఫ్ వెడల్పయ్యేకొద్దీ తక్కువ ఒత్తిడికే లోపలి ధమని మూసుకుంటుంది. తొడ శంకు ఆకారంలో ఉండేవాళ్లకు వంపు ఉన్న కఫ్ వాడితే అంచులు గుచ్చుకోవు.

మరి ఎంత ఒత్తిడి? మన ఆసుపత్రుల్లో చాలాచోట్ల చేతికి 250, కాలికి 300 నుంచి 350 అని ఒక అంకె అలవాటైపోయింది. పాదరసం కొలతలో మిల్లీమీటర్లివి. బక్కపల్చటి అవ్వకూ అదే అంకె, వంద కిలోల మనిషికీ అదే అంకె. దీనికంటే మంచి పద్ధతి ఉంది. కాలి వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టో, పాదం మీద డాప్లర్ (రక్తప్రవాహాన్ని శబ్దంగా వినిపించే పరికరం) ఆనించో నాడి వింటూ కఫ్‌ను మెల్లగా నింపుతారు. నాడి ఆగిపోయిన చోట అంకె రాసుకుంటారు. అది ఆ మనిషికి, ఆ కఫ్‌కి, ఆ సమయంలో ఉన్న బీపీకి రక్తం ఆగే కనీస ఒత్తిడి. ఆపరేషన్ మధ్యలో బీపీ పెరిగినా రక్తం దూరకుండా దానికి కొంత కలుపుతారు. కనీస ఒత్తిడి 130 లోపు ఉంటే 40, 190 వరకు ఉంటే 60, ఆ పైన అయితే 80. పిల్లలకు 50. ఆ అవ్వకు నాడి 150 దగ్గర ఆగిందనుకుంటే 210 సరిపోతుంది. మనం అలవాటుగా 300 పెడితే, మిగతా తొంభై ఆవిడ నరం మీద ఊరికే పెట్టినట్టే. కెనడా ఇంజినీరు జేమ్స్ మెక్‌యువెన్ 1980ల్లో కంప్యూటర్ చిప్‌తో నడిచే యంత్రాలు తెచ్చాక ఒత్తిడి పడిపోతే సరిచేయడం, టైమ్ దాటితే అలారం కొట్టడం యంత్రమే చేస్తోంది. అది లేనిచోట మామూలు గేజ్ ఉన్నా ఫరవాలేదు, అది సరైన అంకె చూపిస్తోందో లేదో తరచూ సరిచూస్తే చాలు.

తక్కువ పెట్టినా ముప్పే. ధమని మూసుకోకుండా సిరలు మాత్రం మూసుకుంటే రక్తం లోపలికి వస్తుంది గాని బయటికి పోదు. కాలు నీలంగా ఉబ్బి, కఫ్ లేనప్పటికంటే ఎక్కువ కారుతుంది.

చర్మం సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గాని, నివారించగలిగిన గాయం కాబట్టి చెప్పాలి. కఫ్ కింద ముడతల్లేకుండా దూది పట్టీ చుడతారు. తర్వాత కాలంతా స్పిరిటో అయోడినో పూస్తారు. ఆ ద్రవం కిందికి కారి దూదిలోకి ఇంకితే, గంటసేపు నొక్కుడులో తడిగా ఉన్న చర్మం కాలినట్టు బొబ్బలెక్కుతుంది. పూయకముందే కఫ్ కింది అంచును ప్లాస్టిక్ అతుకుతో మూసేస్తే ఆ ముప్పు తప్పుతుంది. రెండు నిమిషాల పని.

టైమ్ విషయంలో సాధారణంగా ఒప్పుకున్న హద్దు రెండు గంటలు. చేతికి గంటన్నరలోపే ముగించడానికి చూస్తారు. ఇంకా పని మిగిలితే పది, పదిహేను నిమిషాలు గాలి వదిలి, కండరాలకు రక్తం అందనిచ్చి మళ్లీ నింపుతారు. ఆ టైమ్‌ను బోర్డు మీద రాసి, గంట అయిందని గట్టిగా చెప్పే మనిషి థియేటర్లో ఉండాలి. పనిలో మునిగిన సర్జన్‌కు టైమ్ తెలియదు, తెలియాలని ఆశించడం కూడా న్యాయం కాదు.

మత్తు డాక్టరుకు అసలు టెన్షన్ కఫ్ వదిలేటప్పుడు. అంతసేపు ఆక్సిజన్ లేకుండా ఉన్న కాలిలో పేరుకున్న ఆమ్లాలు, పొటాషియం, కార్బన్ డయాక్సైడ్ ఒక్కసారిగా ఒంట్లోకి వస్తాయి. బీపీ పడుతుంది. ఆరోగ్యవంతుడు కొన్ని నిమిషాల్లో సర్దుకుంటాడు. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు, తలకు కూడా దెబ్బ తగిలినవాళ్లకు ఆ నిమిషాలే గండం. యాంటీబయాటిక్ కూడా కఫ్ నింపక ముందే ఇవ్వాలి, నింపాక ఇస్తే ఆ కాలికి చేరదు.

ఆపరేషన్‌కు ముందు రోగి తనంతట తాను చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. చేతికి డయాలిసిస్ కోసం ఫిస్టులా (ధమనిని సిరతో కలిపి చేసిన దారి) ఉందా, కాలి రక్తనాళాలకు బైపాస్ జరిగిందా, సిరలో గడ్డ కట్టిందా అన్నవి. ఇంకొకటి సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తవ్యాధి. పాడేరు, అరకు, ఉట్నూరు, భద్రాచలం ప్రాంతాల ఆదివాసీ కుటుంబాల్లో ఇది ఉంది. దీని నిర్మూలనకు కేంద్ర ప్రభుత్వం 2023లో జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. ఆక్సిజన్ తగ్గి ఆమ్లం పెరిగినచోట ఈ రోగుల ఎర్రకణాలు కొడవలిలా వంగి సన్నని నాళాలను మూసేస్తాయి. కఫ్ కింద సరిగ్గా అలాంటి వాతావరణమే ఏర్పడుతుంది. ఏజెన్సీ నుంచి వచ్చిన పిల్లవాడికి ఎముక ఆపరేషన్ చేసేముందు సికిల్ పరీక్ష చేయించడం తప్పనిసరి అనుకోవాలని నా అభిప్రాయం.

చిన్న ఆసుపత్రుల్లో ఎస్మార్క్ రబ్బరునే టోర్నికెట్‌గా కట్టేసే అలవాటు ఇంకా పోలేదు. ఖర్చు తక్కువ, కరెంటు అక్కర్లేదు. కానీ చుట్టు మీద చుట్టు పడేకొద్దీ ఒత్తిడి పెరుగుతూ, 1000 మిల్లీమీటర్లు దాటగలదు. పాము కరిచినచోట పైన తాడు బిగించొద్దనేది కూడా కొంతవరకు ఇందుకే. విషం ఆగదు, కాలు మాత్రం పోవచ్చు.

మోకీలు మార్పిడిలో అసలు కఫ్ అవసరమా అన్న చర్చ కూడా నడుస్తోంది. రోగుల మీద జరిగిన 41 ట్రయల్స్‌ను, అందులోని 2819 మంది వివరాలను కలిపి చూసిన కాక్రేన్ (వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే సంస్థ) సమీక్ష 2020లో వచ్చింది. కఫ్ వాడితే ఆపరేషన్‌లో రక్తం తక్కువ పోతుంది గాని, మొదటిరోజు నొప్పి ఎక్కువని, తీవ్రమైన ఇబ్బందులు కూడా ఎక్కువని అందులో తేలింది. ఇప్పుడు కొందరు సర్జన్లు కఫ్ లేకుండా, ఇంకొందరు కొత్త కీలును ఎముకకు అతికించే సిమెంటు వేసే కాసేపు మాత్రమే పెట్టి చేస్తున్నారు.

అన్నిటికంటే చిన్న టోర్నికెట్ వేలికి వేసేది. గోరు తీయడానికో గాయం కుట్టడానికో గ్లవ్ వేలిని కత్తిరించి రింగులా చుట్టేస్తారు. పని అయ్యాక దాని మీదే కట్టు కట్టేస్తే ఇక కనిపించదు. వేలికి ఇచ్చిన మత్తు గంటలకొద్దీ ఉంటుంది కాబట్టి నొప్పీ తెలియదు. మత్తు దిగి నొప్పి మొదలయ్యేసరికి వేలు చచ్చిపోయి ఉండొచ్చు. బ్రిటన్‌లో ఇలాంటివి జరిగాకే 2009లో రోగి భద్రతా సంస్థ హెచ్చరిక జారీ చేసింది. గ్లవ్ ముక్కలు వాడొద్దని, కొట్టొచ్చినట్టు కనిపించే రంగులోనో లేబుల్‌తోనో ఉన్న రింగులే వాడాలని చెప్పింది. ఆపరేషన్ చివర గాజుగుడ్డలు లెక్కపెట్టేటప్పుడే ఆ రింగునూ లెక్కలో చేర్చి, అది ట్రేలో పడ్డాకే వేలికి కట్టు కట్టాలి.