హోమ్ నుంచి వచ్చిన పిల్లాడిని బడి ఎందుకు చేర్చుకోదు? దీని వెనక ఉన్న పాత కథ

హైదరాబాద్ సైదాబాద్‌లోని అబ్జర్వేషన్ హోమ్ (కేసుల్లో దొరికిన పిల్లల్ని ఉంచే చోటు) నుంచి బెయిల్ మీద ఇంటికొచ్చిన ఒక పిల్లాడి కోసం, వాళ్లమ్మతో కలిసి పోయిన జూన్‌లో ఒక హైస్కూల్‌కి వెళ్లాను. తొమ్మిదో క్లాసు మధ్యలో ఆగిపోయింది, బైక్ దొంగతనం కేసు, ఇంకో ఇద్దరితో కలిసి దొరికాడు. ఆమె చేతిలో బట్టల షాపు కవరు, దాంట్లో ఆధార్ జిరాక్సు, రేషన్ కార్డు, పాత ప్రోగ్రెస్ కార్డు, అన్నీ మడత నలగకుండా పెట్టుకొచ్చింది. హెడ్‌మాస్టర్ కాగితాలన్నీ తిరగేసి ఒక్కటే అడిగారు, "ఇన్ని నెలలు ఎక్కడున్నడమ్మా?" ఆమె "ఊర్ల ఉన్నడు సార్, మా అమ్మ దగ్గర" అంది. పిల్లాడు తల దించుకుని బొటనవేలితో నేల గీకుతున్నాడు. ఆయనకి సంగతి ముందే తెలుసని ముఖం చూస్తేనే అర్థమైంది. అడ్మిషన్లు అయిపోయాయన్నారు. అప్పటికి బడి తెరిచి రెండు వారాలు కూడా కాలేదు.

ఆ అమ్మ ఎందుకు అబద్ధం చెప్పాల్సి వచ్చిందా అని అప్పట్నుంచి పాత చట్టాలు వెతుక్కుని చదువుతూ వచ్చాను, చదివేకొద్దీ నాకు అర్థమైంది ఏంటంటే తప్పు చేసిన పిల్లల గురించి ఈ దేశం 175 ఏళ్లుగా ఆలోచిస్తూనే ఉంది గానీ ఆ ఆలోచనలో బడి చాలా ఆలస్యంగా, అది కూడా ఒక మూలకి వచ్చింది.

మొదటిది 1850 అప్రెంటిసెస్ యాక్ట్. 10 నుంచి 18 ఏళ్ల పిల్లలు చిన్న చిన్న నేరాలు చేస్తే జైలుకి బదులు ఒక పనివాడి దగ్గర పెట్టి పని నేర్పించడం. తర్వాత 1876లో రిఫర్మేటరీ స్కూల్స్ యాక్ట్, దాన్నే 1897లో మార్చి రాశారు. పేరులో స్కూల్ ఉంది గానీ పదిహేనేళ్ల లోపు మగపిల్లల్ని 3 నుంచి 7 ఏళ్లు ఉంచి పని నేర్పించే చోటు అది. అంటే వీళ్లు పేదింటి పిల్లలు, చేతిలో పని ఉంటే చాలు, చదువు వీళ్లకెందుకు అనే లెక్క. ఈ లెక్క ఇప్పటికీ పోలేదు, హోమ్ నుంచి వచ్చిన పిల్లాడి గురించి ఎవరిని కదిపినా "ఏదైనా మెకానిక్ షెడ్‌లో పెట్టేయండి" అనే మాటే ముందు వస్తుంది.

జైళ్ల తీరు చూడటానికి బ్రిటిష్ ప్రభుత్వం వేసిన 1919-20 జైల్స్ కమిటీ పిల్లల్ని పెద్దల జైళ్లలో పెట్టొద్దని గట్టిగా చెప్పింది, ఆ వెంటే 1920లో మద్రాస్ చిల్డ్రన్ యాక్ట్ వచ్చింది. మన దగ్గర హైదరాబాద్ స్టేట్ 1951లో సొంత చిల్డ్రన్ యాక్ట్ తెచ్చుకుంది. అయినా పిల్లలు మామూలు జైళ్లలో మగ్గుతూనే ఉన్నారు, షీలా బర్సే అనే జర్నలిస్టు సుప్రీంకోర్టుకి వెళ్తే తప్ప అది దేశానికి పట్టలేదు. 1986లో జమ్మూ కశ్మీర్ తప్ప మిగతా దేశం మొత్తానికి ఒకే జువెనైల్ జస్టిస్ యాక్ట్ (పిల్లల కేసుల చట్టం) వచ్చింది, కానీ దాంట్లో మగపిల్లల్ని 16 ఏళ్ల వరకే పిల్లలుగా లెక్కేశారు. ఐక్యరాజ్యసమితి పిల్లల హక్కుల ఒప్పందం మీద మన దేశం 1992లో ఒప్పుకున్నాక, 2000 చట్టంలో అందరికీ 18 అయింది. 2012 ఢిల్లీ నిర్భయ ఘటన తర్వాత ఆ కోపంలోనే 2015 చట్టం వచ్చింది, 16 దాటినవాళ్లు ఘోరమైన నేరం చేస్తే పెద్దవాళ్లలా విచారించే దారి తెరిచారు. టీవీలన్నీ దాని మీదే మాట్లాడాయి.

కానీ అదే చట్టంలో ఇంకోటి ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. పిల్లాడి పేరు, బడి పేరు బయటపెట్టకూడదు, కేసు మూసేశాక క్యారెక్టర్ సర్టిఫికెట్ కోసం పోలీసులు ఆ రికార్డు ఇవ్వకూడదు (సెక్షన్ 74), చాలా కేసుల్లో రికార్డునే నాశనం చేయాలి (సెక్షన్ 24). కొత్తగా మొదలుపెట్టే హక్కు అన్నమాట. ఎంత మంచి మాట. కానీ బడిలో ఇన్ని నెలల గ్యాప్‌కి కాగితం అడుగుతారు, ఆ అమ్మ దగ్గర ఉన్న ఒకే ఒక్క కాగితమేమో ఎవరికీ చూపించకూడని కాగితం! అబద్ధం చెప్పక ఏం చేస్తుంది?

ఇంకో చట్టం విద్యాహక్కు చట్టం, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. వయసుకి తగ్గ క్లాసులో చేర్చుకోవాలి, టీసీ లేటైందని ఆపకూడదు, మధ్యలో వచ్చినా కాదనకూడదు. శాంతా సిన్హా గారి స్వచ్ఛంద సంస్థ ఎంవీ ఫౌండేషన్ 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో పనికి పోయే పిల్లల్ని బ్రిడ్జి కోర్సు (వెనకబడిన చదువు అందుకునే కోర్సు) క్యాంపుల్లో కూర్చోబెట్టి నేరుగా వాళ్ల వయసు క్లాసుకి పంపించి చూపించింది కదా, అలాంటి ఆలోచనే అది. కానీ ఆ హక్కు 6 నుంచి 14 వరకే. పోలీసులు పట్టుకునే పిల్లల్లో ఎక్కువమంది 16-18 మధ్యవాళ్లు. విద్యాహక్కు చట్టం 14 దగ్గర ఆగిపోతుంది, సరిగ్గా అక్కడే తొమ్మిదీ పదో క్లాసు పిల్లాడు పడిపోతాడు.

2015 చట్టంలోని సెక్షన్ 18 కింద జువెనైల్ జస్టిస్ బోర్డు (పిల్లల కేసులు విచారించే బోర్డు) ఆ పిల్లాడిని బడికి వెళ్లమని ఆదేశించొచ్చు. చదివినప్పుడు చాలా సంతోషపడ్డాను, తర్వాత మళ్లీ చదివితే తెలిసింది, ఆ ఆదేశం పిల్లాడికి, బడికి కాదు. ప్రతి పిల్లాడికీ ఇండివిడ్యువల్ కేర్ ప్లాన్ రాయాలి, అందులో చదువు గురించీ రాయాలి, కానీ ఆ ప్లాన్ పట్టుకుని బడి దాకా నడిచి వచ్చే మనిషి ఉండాలి కదా, ఆ మనిషి ప్రొబేషన్ ఆఫీసర్, అంటే కేసులో ఉన్న పిల్లాడి బాగోగులు చూసే ఆఫీసరు. బోర్డుల్లో, పిల్లల రక్షణ వ్యవస్థలో ఖాళీలు నింపమని 2018లో సంపూర్ణ బెహురా కేసులో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చిందంటే ఆ మనుషులు ఎంత తక్కువున్నారో అర్థం చేసుకోండి. నా వరకు నేను అడిగేది ఒక్కటే, హోమ్ నుంచి పిల్లాడు బయటికొచ్చే రోజే బడి సీటు ఖాయమై ఉండాలి, ఆ మాట హెడ్‌మాస్టర్‌తో మాట్లాడాల్సింది ఆఫీసరు, అమ్మ కాదు.

అలా లేనప్పుడు మిగిలేది ఓపెన్ స్కూల్. 14 నిండితే తెలంగాణ ఓపెన్ స్కూల్‌లో నేరుగా టెన్త్ రాయొచ్చు, క్లాసులు ఆదివారాలు, సెలవు రోజుల్లో. మేమూ అదే చేశాం. ఫీజు కట్టి పుస్తకాలు తెచ్చుకున్న రోజు సాయంత్రం వాళ్లమ్మ ఫోన్ చేసింది, పుస్తకాలకి అట్టలు వేసుకుంటున్నాడంట, వేసుకుంటూ వేసుకుంటూ "దీనికి యూనిఫాం ఉండదా అమ్మా" అని అడిగాడంట.