పానాకు పైపు తొడిగితే చాంబర్‌కు ఏమవుతుంది?

దేవరకొండ నుంచి ఒక పాఠకుడు అడిగిన ప్రశ్న ఇది. ఆయన తన కారుకు తానే ఇంజిన్ ఆయిల్ మార్చుకున్నారు. చుక్క కూడా కారకూడదన్న పట్టుదలతో పానాకు పైపు తొడిగి మరీ డ్రెయిన్ బోల్టు, అంటే పాత నూనె దించే రంధ్రాన్ని మూసే బోల్టు, బిగించారు. మరుసటిసారి ఆయిల్ మార్చి బోల్టు పెట్టబోతే అది బిగుసుకోకుండా గిర్రున తిరిగింది. "ఇనుప బోల్టు గట్టిగా బిగిస్తే పాడవుతుందా?" అని ఆయన సందేహం. పాడైనది బోల్టు కాదు, ఆ బోల్టు దిగే అల్యూమినియం చాంబర్, అంటే ఇంజిన్ అడుగున నూనె నిలిచే తొట్టి.

చాంబర్‌లో ఉన్న మూడు నాలుగు లీటర్ల నూనె బరువంతా ఆ ఒక్క బోల్టే మోస్తోందని చాలామంది భయపడతారు. ద్రవం కలిగించే పీడనం దాని లోతును బట్టి ఉంటుంది గాని మొత్తం బరువును బట్టి కాదు. పంపు ఒత్తిడి కూడా ఫిల్టర్ వైపు, బేరింగుల వైపు పోయేదే తప్ప చాంబర్ అడుగున ఉండదు. రంధ్రం పైన 10 సెంటీమీటర్ల లోతు నూనె ఉందనుకుంటే, 14 మిల్లీమీటర్ల బోల్టును కిందికి తోసే బలం దాదాపు 13 గ్రాముల బరువుతో సమానం. బిగింపు కావలసింది వాషర్ నలిగి సందు మూసుకోవడానికి, రోడ్డు కుదుపులకు బోల్టు వదులు కాకుండా ఉండటానికి మాత్రమే.

ఆ బిగింపు ఎలా పుడుతుందో చూడాలంటే మన్ననూరు మీదుగా శ్రీశైలం వెళ్లే ఘాట్ రోడ్డును తలచుకోవాలి. ఈగలపెంట దాటాక కృష్ణ వైపు దిగే ఆ మలుపుల దారిని ఒక స్తంభానికి చుడితే అదే బోల్టు మర, మెకానిక్కుల మాటల్లో చూడీలు. 14 మిల్లీమీటర్ల డ్రెయిన్ బోల్టుకు చాలా కార్లలో ఒక చుట్టుకు 1.5 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. ఆ చుట్టును విప్పి పరిస్తే సుమారు 41 మిల్లీమీటర్ల పొడవున్న దారి అవుతుంది, అంటే వాలు రెండు డిగ్రీలకు కాస్త ఎక్కువ. లోహం మీద లోహం దానంతటదే జారాలంటే ఎనిమిది, తొమ్మిది డిగ్రీల వాలు కావాలి. ఇంజిన్ ఆపి గేరులో నిలిపిన లారీ ఘాట్ మీద ఎలా నిలుస్తుందో, సరిగా బిగిసిన బోల్టు కూడా అలాగే నిలుస్తుంది.

ఇదే దారి మీద పైకి ఎక్కేటప్పుడు ఖర్చయ్యే శ్రమను లెక్కగడితే ఆశ్చర్యం వేస్తుంది. మనం పానా మీద పెట్టే బలంలో సగం బోల్టు తల కింద రాపిడికి, నలభై శాతం దాకా మరల మధ్య రాపిడికి పోతుంది. నిజంగా బరువును ఎత్తేది, అంటే బోల్టును సాగదీసి పట్టు కలిగించేది, మిగిలిన పదో వంతు మాత్రమే. అందుకే చేతికి తగిలే గట్టిదనాన్ని నమ్మడం కష్టం. 35 న్యూటన్ మీటర్ల టార్క్‌తో (టార్క్ అంటే తిప్పే బలం) పొడి బోల్టు బిగిస్తే సుమారు టన్నుంపావు పట్టు వస్తుంది. మరలకూ తల కిందా నూనె అంటి ఉంటే, దారి నున్నబడి అదే టార్క్‌తో పట్టు రెండు టన్నులకు దగ్గరవుతుంది. డ్రెయిన్ బోల్టుకు నూనె అంటకుండా ఉండటం అరుదు కదా! చిత్రమేమిటంటే టన్నుంపావు పట్టుకు ఆ ఉక్కు పది మిల్లీమీటర్ల పొడవుకు సాగేది అయిదు మైక్రాన్లే (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాను), తలవెంట్రుక మందంలో పదో వంతు కూడా కాదు.

ఇక ఘాట్ కూలిపోవడం. బోల్టు సాగుతుంది, చుట్టూ ఉన్న అల్యూమినియం ఇంకో రకంగా వంగుతుంది, కాబట్టి రెండింటి మరలూ సరిగ్గా పొంతన కుదరవు. ఫలితంగా తలకు దగ్గరున్న మొదటి చుట్టే దాదాపు మూడో వంతు భారం మోస్తుంది. అది తెగితే భారం రెండో చుట్టు మీద పడుతుంది, తరువాత మూడోది. నా పాత కారు బోల్టు ఊడదీసినప్పుడు దాని సందుల్లో అతుక్కుని ఒక తెల్లటి తీగ చుట్టలు చుట్టలుగా బయటికి వచ్చింది. గోటితో లాగితే ముక్కు పుడకంత సన్నగా మెరిసింది. అది తీగ కాదు, చాంబర్ లోపలి మర.

బడిలో వాలుతలం పాఠం చెప్పేటప్పుడు పలక మీద చెక్క దిమ్మెను జార్చి చూపి ముగించేస్తారు, ఒక బోల్టును పిల్లల చేతికి ఇచ్చిన మాస్టారును నేను చూడలేదు. దసరాకు పానాలకు పసుపు కుంకుమ పెట్టి దండం పెట్టుకునే ఇళ్లలో కూడా, బిగించేటప్పుడు 'కిర్రుమంటేనే ధైర్యం' అన్న నమ్మకం చెక్కు చెదరదు. ఆ కిర్రు తల కింద రాపిడి చేసే చప్పుడే, పట్టుకు కొలత కాదు.

20 సెంటీమీటర్ల పానా చివర 18 కిలోల బలం చాలు, 35 న్యూటన్ మీటర్లు వస్తాయి. 20 లీటర్ల నీళ్ల క్యాన్ బరువు కన్నా అది తక్కువ. 60 సెంటీమీటర్ల పైపు తొడిగితే అదే చెయ్యి మూడింతలు పెడుతుంది, ఇక మనిషి పైపు మీదికి ఒరిగితే చెప్పనక్కర లేదు. మీ కారుకు ఎంత కావాలో మాన్యువల్‌లో చూసి, టార్క్ రెంచితో, అంటే తిప్పే బలాన్ని కొలిచి చూపే పానాతో, బిగించండి, వాషర్ మాత్రం ప్రతిసారీ కొత్తది వేయండి. ఫిల్టర్ సంగతి వేరు, అక్కడ పట్టేది రబ్బరు రింగు. దానికి కాస్త కొత్త నూనె రాసి, రబ్బరు తగిలాక సాధారణంగా ముప్పావు చుట్టు చేతితోనే తిప్పితే చాలు, పానా అక్కర లేదు.

ప్రశ్న అడిగిన పాఠకుడు చాంబర్ కొత్తది కొనే ముందు లేత్ పని చేసేవారిని అడగాలి. రంధ్రాన్ని కాస్త పెద్దది చేసి కొత్త మర కోసి, అందులో స్ప్రింగులా చుట్టిన ఉక్కు తీగ ఇన్సర్టును దించుతారు. పాత కొలత బోల్టే అందులో పడుతుంది, ఆ ఉక్కు మర మొదటి అల్యూమినియం మర కన్నా గట్టిది. కోసిన పొట్టు లోపల మిగలకుండా చాంబర్‌ను కిందికి దింపి కడిగించుకోవాలి.