డిస్ట్రాయర్ ధ్వంసం చేయాల్సింది దేన్ని?

2021 నవంబరు 21న ముంబైలో ఐఎన్‌ఎస్ విశాఖపట్నం నౌకాదళంలో చేరింది. పొడవు 163 మీటర్లు, బరువు 7,400 టన్నులు. ఇలాంటి ఓడను డిస్ట్రాయర్ అంటారు. తెలుగులో ‘విధ్వంసక నౌక’ అని రాస్తుంటాం. ఇంతకీ అది ధ్వంసం చేసేది దేన్ని? దాని అసలు పేరులో సగం ఎప్పుడో రాలిపోయింది. 1890ల్లో బ్రిటిష్ నౌకాదళం పెట్టిన పూర్తి పేరు ‘టార్పెడో బోట్ డిస్ట్రాయర్’. చిన్న చిన్న టార్పెడో పడవలను వేటాడే ఓడ అని అర్థం. సముద్రాలన్నీ ఏలుతున్న నౌకాదళం చిన్న పడవలకు ఎందుకు భయపడింది? అది తెలియాలంటే ఇంకో ముప్పై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

టార్పెడో అనేది మొదట ఒక చేప పేరు. ముట్టుకుంటే షాక్ కొట్టే చేప. ఆ తర్వాత నీళ్లలో దాచిపెట్టే పేలుడు పదార్థాలన్నిటినీ ఆ పేరుతోనే పిలిచారు. పొడవాటి కర్ర చివర మందుగుండు కట్టి, పడవలో దగ్గరకు వెళ్లి శత్రువు ఓడకు పొడిచే పద్ధతి ఒకటి ఉండేది. తాడుతో పక్కనే లాక్కెళ్లే హార్వే టార్పెడో ఇంకొకటి. రెండింటిలోనూ కష్టం ఒక్కటే. చంపడానికి వెళ్లినవాడు తిరిగి వస్తాడన్న నమ్మకం లేదు.

తనంతట తాను నీళ్లలో ఈదుకుంటూ వెళ్లే టార్పెడోను తయారు చేసినవాడు రాబర్ట్ వైట్‌హెడ్. ఇంగ్లండ్‌లోని బోల్టన్‌లో పుట్టిన ఇంజినీర్. అప్పటి ఆస్ట్రియా సామ్రాజ్యంలోని ఫ్యూమెలో ఇంజన్ల ఫ్యాక్టరీ నడిపేవాడు. ఆ ఊరే ఇప్పటి క్రొయేషియాలోని రియెకా. లుప్పిస్ అనే రిటైర్డ్ నౌకాదళ అధికారి, ఒడ్డు నుంచి తాళ్లతో నడిపే మందుగుండు పడవ ఆలోచనతో ఆయన దగ్గరకు వచ్చాడు. వైట్‌హెడ్ తాళ్లను వదిలేసి, వస్తువును నీటి అడుగుకు దించాడు. 1866 నాటికి మొదటి నమూనా సిద్ధమైంది. లోపల గట్టిగా కుక్కిన గాలితో చిన్న ఇంజన్ తిరుగుతుంది. ముక్కులో మందుగుండు. వేగం ఆరేడు నాట్స్, అంటే గంటకు పదకొండు నుంచి పదమూడు కిలోమీటర్లు.

అసలు సమస్య లోతు దగ్గర వచ్చింది. టార్పెడో ఒకసారి పైకి తేలేది, ఒకసారి మునిగి ఓడ కింద నుంచి దూరి పోయేది. నీటి ఒత్తిడికి స్పందించే వాల్వ్ పెడితే ‘లోతుగా ఉన్నావు, పైకి రా’ అని చుక్కానికి చెబుతుంది గానీ ఎక్కడ ఆగాలో చెప్పదు. దాంతో అది అలలాగా ఎగుడుదిగుడుగా పోయేది. వైట్‌హెడ్ ఆ వాల్వ్ పక్కన ఒక లోలకం తగిలించాడు. ముక్కు పైకి లేస్తుంటే లోలకం వెనక్కి వాలుతుంది, ‘ఇక చాలు’ అంటుంది. ఈ రెండూ కలిసి చుక్కానిని పట్టుకోగానే టార్పెడో గీత గీసినట్టు ఒకే లోతులో నడిచింది. దీన్ని ఆయన ‘ది సీక్రెట్’ అన్నాడు. కొన్నవాళ్లు కూడా బయటపెట్టకూడదు. గడియారంలో ఊగే వస్తువును తెచ్చి సముద్రపు లోతుకు కాపలా పెట్టిన ఆ తెలివి నాకు ఈ కథ మొత్తంలో అన్నిటికంటే గొప్పగా కనిపిస్తుంది.

1870లో బ్రిటన్ ఆయన్ను పిలిపించి, థేమ్స్ ముఖద్వారం దగ్గర షీర్‌నెస్‌లో పరీక్షలు పెట్టింది. ఒబెరాన్ అనే ఓడ నుంచి వందకు పైగా ప్రయోగాలు జరిగాయి. లంగరేసి ఉంచిన ఎగిల్ అనే పాత ఓడ ఒక్క దెబ్బకు మునిగిపోయింది. మరుసటి ఏడాది 15,000 పౌండ్లు ఇచ్చి తయారీ హక్కులు కొనేశారు. వూల్‌విచ్‌లోని ఆయుధాగారంలో తయారీ మొదలైంది. పోర్ట్స్‌మౌత్‌లో హెచ్‌ఎంఎస్ వెర్నన్ అనే పాత ఓడను టార్పెడోల బడిగా మార్చారు. కానీ హక్కులను వైట్‌హెడ్ బ్రిటన్ ఒక్కదానికే రాసివ్వలేదు. ఫ్రాన్స్, ఇటలీ, జర్మనీ, రష్యా అన్నీ కొనుక్కున్నాయి. అత్యంత ఖరీదైన ఓడలున్న దేశానికే ఈ ఆయుధంతో అత్యంత ఎక్కువ నష్టం. ఆ సంగతి బ్రిటిష్ అధికారులకు బాగా తెలుసు.

మరి దీన్ని మోసేది ఎవరు? మొదటి జవాబు 1874లో నీళ్లలోకి దిగిన వెసూవియస్ అనే ఓడ. రాత్రిపూట చప్పుడు లేకుండా దగ్గరకు చేరాలన్నది ప్లాన్. అందుకే పొగ రాకుండా బొగ్గు బదులు కోక్ వాడారు. అంతా బాగుంది గానీ వేగం పది నాట్స్ కూడా లేదు. లైట్నింగ్ అనే పడవ వచ్చాక లెక్క మారింది. థోర్నీక్రాఫ్ట్ కంపెనీ లండన్‌లో చిజిక్ దగ్గర కట్టింది. పొడవు 87 అడుగులే, మన చేపల బోట్ల కంటే మరీ పెద్దదేమీ కాదు. వేగం మాత్రం 18 నాట్స్ పైమాటే. మొదట్లో టార్పెడోను పక్క నుంచి నీళ్లలోకి జారవిడిచేవారు. 1879లో ముందు భాగంలో టార్పెడోను వదిలే ట్యూబ్ బిగించారు.

ఈలోగా 1877 మే 29న పెరూ తీరంలోని ఇలో దగ్గర అసలు పరీక్ష ఎదురైంది. తిరుగుబాటుదారుల చేతిలో ఉన్న హువాస్కర్ అనే ఇనుప కవచపు ఓడ మీద బ్రిటిష్ ఓడ హెచ్‌ఎంఎస్ షా గుండ్ల వర్షం కురిపించింది. ఎన్నో తగిలాయి, కవచం లొంగలేదు. చివరకు టార్పెడో వదిలారు. యుద్ధంలో వైట్‌హెడ్ టార్పెడోను ప్రయోగించడం ప్రపంచంలో అదే మొదటిసారి. హువాస్కర్ పక్కకు తిరిగి పరుగు తీసింది. దాని వేగం సుమారు 11 నాట్స్, టార్పెడోది 9. గురి పెట్టిన ఓడే టార్పెడోను దాటుకుని వెళ్లిపోయింది. హువాస్కర్ ఇప్పటికీ చిలీలోని తాల్కవానోలో మ్యూజియంగా ఉంది.

ఏడాది తిరక్కుండానే, 1878 జనవరిలో, నల్లసముద్రంలోని బతూమి దగ్గర రష్యా పడవలు వైట్‌హెడ్ టార్పెడోలతో ఇంతిబాహ్ అనే టర్కీ ఓడను ముంచేశాయి. అక్కడి నుంచి టెన్షన్ పెరిగింది. ఫ్రాన్స్‌లో అడ్మిరల్ ఓబ్ వర్గం ‘పెద్ద ఓడల కాలం అయిపోయింది, పడవల గుంపులు చాలు’ అని వాదించింది. ఆయన 1886లో నౌకాదళ మంత్రి కూడా అయ్యాడు. బ్రిటన్ రకరకాల విరుగుడులు వెతికింది. ఢీకొట్టే ముక్కూ టార్పెడోలూ కలిపి పాలీఫెమస్ అనే ఓడ కట్టింది. ర్యాటిల్‌స్నేక్ లాంటి టార్పెడో గన్‌బోట్లు కట్టింది. అవేవీ పడవలను తరిమి పట్టుకునేంత వేగంగా పోలేకపోయాయి.

1892లో జాకీ ఫిషర్ బ్రిటిష్ నౌకాదళంలో ఓడల నిర్మాణం చూసే కంట్రోలర్ అయ్యాడు. అంతకుముందు టార్పెడో శిక్షణలో పనిచేసిన మనిషి. ఆ ఏడాదే యారో, థోర్నీక్రాఫ్ట్ లాంటి కంపెనీలకు ‘టార్పెడో బోట్ డిస్ట్రాయర్’ అనే కొత్త రకం ఓడల ఆర్డర్లు వెళ్లాయి. యారో కట్టిన హావక్ 1893 ఆగస్టులో నీళ్లలోకి దిగింది. సుమారు 240 టన్నులు, 26 నాట్స్. పడవలను కొట్టడానికి వేగంగా పేలే ఫిరంగులు పెట్టారు. వాటితో పాటు మూడు టార్పెడో ట్యూబులు కూడా. ముందున్న ట్యూబ్ పనికిరాలేదు. సముద్రపు నీళ్లను ఎగజిమ్మేది. పైగా ఓడ తన టార్పెడో మీదకే పోయే ప్రమాదం ఉండేది. తర్వాత దాన్ని తీసేశారు.

వేటాడే ఓడే టార్పెడోలు మోస్తుంటే వేరే టార్పెడో పడవ ఎందుకు? కొన్నేళ్లలోనే ఆ పడవల పని కూడా డిస్ట్రాయర్ చేతికి వచ్చింది. పేరులోంచి ‘టార్పెడో బోట్’ జారిపోయింది. అందులో పనిచేసిన నావికుల బతుకు మాత్రం సుఖంగా లేదు. పలచటి రేకు గోడలు, నిరంతరం వణుకు, ఒంటి మీద ఆరని తడి. ఆ అవస్థకు ‘హార్డ్ లైయింగ్ మనీ’ అని అదనపు భత్యం ఇచ్చేవారు.

టార్పెడో కూడా అక్కడే ఆగలేదు. 1890ల చివర్లో ఓబ్రీ గైరోస్కోప్, అంటే వేగంగా తిరుగుతూ దిశ మారకుండా నిలిచే చక్రం, వచ్చి పక్కదారి పట్టకుండా కాపాడింది. లోపలి గాలిని వేడిచేసే పద్ధతితో దూరం, వేగం రెండూ పెరిగాయి. వ్యాసం 14 అంగుళాల నుంచి 18కి, మొదటి ప్రపంచ యుద్ధానికి ముందే 21కి చేరింది.

విశాఖ ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి మ్యూజియం చూసినవాళ్లకు ముందు గదిలోని గుండ్రటి ట్యూబు మూతలు గుర్తుండే ఉంటాయి. వాటి వ్యాసం 533 మిల్లీమీటర్లు. అదే నగరంలోని నౌకాదళ ఆయుధాల పరిశోధన సంస్థ ఎన్‌ఎస్‌టీఎల్ రూపొందించిన వరుణాస్త్ర టార్పెడోదీ అంతే. అంగుళాల్లో చెప్తే సరిగ్గా 21.