గోల్ఫ్ కోర్సులో నడక ఎందుకు ఆగింది?

గోల్ఫ్ ఆడేవాళ్ల మధ్య ఎంతకీ తేలని పంచాయితీ ఒకటుంది. కోర్సంతా (ఆట మైదానమంతా) నడిచే ఆడాలా, కార్ట్ అనే చిన్న మోటారు బండి ఎక్కి తిరగొచ్చా? నడిచేవాళ్ల దృష్టిలో కార్ట్ ఎక్కేవాళ్లు బద్ధకస్తులు. కార్ట్ ఎక్కేవాళ్ల దృష్టిలో నడిచేవాళ్లు చాదస్తులు. అమెరికాలో చాలా కోర్సుల్లో కార్ట్ అద్దెను ఆట ఫీజులోనే కలిపేస్తారు. కొన్నిచోట్ల నడుస్తామని అడిగినా ఒప్పుకోరు. స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సులోనేమో వైద్య కారణం ఉంటే తప్ప కార్ట్ ఎక్కనివ్వరు. ఆట ఒకటే, రూల్ బుక్కూ ఒకటే. మరి ఇంత తేడా ఎక్కడిదంటే, ఆటగాళ్ల ఒళ్లు వంగడం, వంగకపోవడం కన్నా కోర్సు కట్టిన నేలలోనూ, క్లబ్బుల జమాఖర్చుల్లోనూ దాని మూలాలు ఎక్కువగా కనిపిస్తాయి.

ముందు రూల్స్ సంగతి చూద్దాం. గోల్ఫ్‌కు రాతపూర్వకంగా దొరికే మొదటి నియమావళి 1744 నాటిది. ఎడింబరా పక్కనున్న లీత్‌లో ఆడే పెద్దమనుషులు రాసుకున్న 13 నిబంధనలవి. నడవాలన్న మాట అందులో ఎక్కడా లేదు. అప్పట్లో అదొక నిబంధనగా రాయాలని ఎవరికైనా ఎందుకు తడుతుంది? కానీ మొదటి నిబంధన మాత్రం మన విషయానికి బాగా పనికొస్తుంది. హోల్‌లో (గుంతలో) బంతి వేశాక, ఆ హోల్‌కు ఒక క్లబ్ (బంతిని కొట్టే కర్ర) పొడవు దూరంలోపే బంతిని పెట్టి తర్వాతి హోల్ ఆట మొదలుపెట్టాలని అది చెబుతుంది. అంటే ఒక హోల్ ఎక్కడ ముగిస్తే రెండోది అక్కడే మొదలు. మధ్యలో ఖాళీ నడక అన్నదే లేదు. తర్వాతి కాలంలో గ్రీన్ (గుంత చుట్టూ ఉండే నున్నటి గడ్డి) వేరు, టీ (హోల్ ఆట మొదలుపెట్టే చోటు) వేరు అయ్యాయి గానీ చాలా ఏళ్లపాటు అవి పక్కపక్కనే ఉండేవి. 1764లో 22 హోల్స్ ఆటను 18కి తగ్గించుకున్న సెయింట్ ఆండ్రూస్‌లో ఇప్పటికీ అలాగే కనిపిస్తుంది: గ్రీన్ దిగి నాలుగు అడుగులు వేస్తే తర్వాతి టీ.

ఆటగాడు నడిచాడు సరే, సామాను మోసిందెవరు? క్యాడీలు. 19వ శతాబ్దం చివర్లో గోల్ఫ్ బ్యాగ్ వాడకంలోకి వచ్చేదాకా వాళ్లు క్లబ్బులను కట్టగా చంకలో పెట్టుకునే మోసేవారు. ఆట అమెరికా చేరాక అక్కడి క్లబ్బుల్లో ఆ పని ఎక్కువగా పేదింటి కుర్రాళ్లకు దక్కింది. 1913 యూఎస్ ఓపెన్‌లో 20 ఏళ్ల ఫ్రాన్సిస్ ఉయిమెట్ బ్రిటిష్ దిగ్గజాలు హ్యారీ వార్డన్, టెడ్ రేలను ప్లేఆఫ్‌లో ఓడించినప్పుడు అతని బ్యాగ్ మోసింది ఎడ్డీ లోవరీ అనే పదేళ్ల పిల్లాడు. ఉయిమెట్ కూడా ఆ పోటీ జరిగిన బ్రూక్లైన్ క్లబ్బులో క్యాడీగా పనిచేసినవాడే. బెన్ హోగన్, బైరన్ నెల్సన్ ఇద్దరూ టెక్సస్‌లో ఒకే క్లబ్బులో క్యాడీలుగా పెరిగారు. క్యాడీలను కాలేజీలో చదివించడానికి చిక్ ఎవాన్స్ అనే ఆటగాడి పేరుతో 1930లో మొదలైన స్కాలర్‌షిప్పులు ఇప్పటికీ నడుస్తున్నాయి. సొంతంగా ఆట సామాను కొనే స్తోమత లేని కుర్రాడికి ఆటలోకి దారి ఆ బ్యాగ్ మోత గుండానే ఉండేది. కార్ట్ వచ్చాక పోయినవాటిలో పెద్ద నష్టం ఇదేనని నా లెక్క. నడక వాదులు మాత్రం దీని గురించి తక్కువగానే మాట్లాడతారు.

కార్ట్ మొదట వచ్చింది నడవలేనివాళ్ల కోసమే. 1930లలోనే అమెరికాలో ఒకరిద్దరు కరెంటు బండి చేయించుకున్నారు గానీ అది పెద్దగా వ్యాపించలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలుకు రేషన్ పెట్టడంతో చిన్న బ్యాటరీ బళ్లు తయారుచేసే అనుభవం కొందరికి అబ్బింది. ఆ అనుభవంతోనే 1951లో కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌కు చెందిన మెర్ల్ విలియమ్స్ మార్కెటీర్ కంపెనీ పేరుతో గోల్ఫ్ కార్టులు తయారుచేయడం మొదలుపెట్టాడు. 1954లో ఈ-జీ-గో, 1958లో క్లబ్ కార్ అనే కార్ట్ కంపెనీలు వచ్చాయి. 1963లో మోటార్‌సైకిళ్ల హార్లీ-డేవిడ్సన్ కూడా బరిలోకి దిగింది. ఈ-జీ-గో పుట్టింది జార్జియాలోని అగస్టాలో. క్లబ్ కార్ కూడా 1962లో అక్కడికే మారింది. ప్రతి ఏప్రిల్‌లో మాస్టర్స్ టోర్నీ ఆడేవాళ్లంతా కాలినడకన తిరిగేది ఆ ఊళ్లోనే! ప్రపంచానికి కార్టులు పంపే ఊరికి పేరు తెచ్చింది మాత్రం నడిచి ఆడే టోర్నీ.

మొదట్లో చాలా క్లబ్బులు డాక్టర్ చీటీ ఉంటేనే కార్ట్ ఇచ్చేవి. అమెరికా అధ్యక్షుడు ఐజన్‌హోవర్ 1955లో గుండెపోటు వచ్చి కోలుకున్నాక కార్ట్‌లో తిరుగుతూ గోల్ఫ్ ఆడాడు. దేశాధ్యక్షుడే ఎక్కాక అందులో నామోషీ ఏముంటుంది?

అయితే డాక్టర్ చీటీ అడగడం మానేయడానికి అసలు కారణం వేరు. క్యాడీకి ఇచ్చే కూలి క్యాడీ జేబులోకి పోతుంది. కార్ట్ అద్దె క్లబ్బు గల్లాపెట్టెలోకి వస్తుంది. క్యాడీ ఒకరోజు రాకపోవచ్చు, బడి తెరిస్తే వెళ్లిపోవచ్చు. కార్ట్‌ను రాత్రి ఛార్జింగ్ పెడితే తెల్లారేసరికి సిద్ధం. చాలాచోట్ల క్లబ్బు ప్రొఫెషనలే (అక్కడ ఆట నేర్పే వృత్తి ఆటగాడే) కార్టులు కొని అద్దెకు తిప్పి సంపాదించుకునేవాడు. ఒకసారి ఆ ఆదాయం బడ్జెట్‌లో చేరాక, నడిచే ఆటగాడు క్లబ్బుకు నష్టంలా కనబడటం మొదలైంది. అద్దెను ఫీజులో కలిపేయడం, రద్దీ వేళల్లో నడవనివ్వకపోవడం లాంటివన్నీ అక్కడి నుంచే వచ్చాయి. నడిచేవాళ్ల వల్ల ఆట నెమ్మదిస్తుందన్న సాకు ఒకటి పైన. వాన పడ్డప్పుడు కార్టులను సిమెంట్ దారి దాటి ఫెయిర్‌వే (టీ నుంచి గ్రీన్ దాకా ఉండే గడ్డి నేల) మీదికి రానివ్వరు. అప్పుడు ఆటగాడు కార్ట్ దారి మీద ఆపి, మూడు నాలుగు క్లబ్బులు చేతపట్టుకుని అడ్డంగా బంతి దాకా నడిచి, మళ్లీ వెనక్కి నడిచి రావాలి. తిన్నగా నడిచే మనిషి ఈలోగా ముందుకు పోతాడు.

డబ్బు తర్వాత మారింది నేల. 1950ల తర్వాత ఫ్లోరిడా, కాలిఫోర్నియా, అరిజోనాల్లో గోల్ఫ్ కోర్సు చుట్టూ ఇళ్లు కట్టి అమ్మే వ్యాపారం జోరందుకుంది. ఫెయిర్‌వే పక్కనున్న స్థలానికి ధర ఎక్కువ. కాబట్టి ఎన్ని ఎక్కువ ఇళ్లు ఫెయిర్‌వేను ఆనుకుంటే అంత లాభం. కోర్సును ఒక ముద్దగా కాకుండా కాలనీ మధ్యలోంచి పొడుగ్గా, సన్నగా సాగదీశారు. ఒక హోల్ ముగించి రోడ్డు దాటి, రెండు వీధులు తిరిగి వెళ్తే గానీ తర్వాతి టీ రాదు. కొండల్లో, ఎడారుల్లో కట్టిన కోర్సుల్లోనూ ఇంతే. మంచి దృశ్యం కనిపించిన చోటల్లా ఒక హోల్ గీశారు, మధ్య దూరం కార్ట్ చూసుకుంటుందనుకున్నారు. 1744లో ఒక క్లబ్ పొడవున్న దూరం ఇప్పుడు వందల గజాలైంది. ఇలాంటి చోట నడవమనడం అన్యాయం, కార్ట్ ఎక్కినవాడిని బద్ధకస్తుడనడం ఇంకా అన్యాయం. అక్కడ నడక సంగతి కోర్సు గీసిన రోజే తేలిపోయింది.

ఈ గొడవ అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కేసీ మార్టిన్ స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ జట్టులో టైగర్ వుడ్స్‌తో కలిసి ఆడినవాడు. కుడి కాలిలో రక్తప్రసరణ సరిగా జరగని క్లిపెల్-ట్రెనోనే-వెబర్ అనే జబ్బు అతనికి పుట్టుకతోనే ఉంది. నడిస్తే నొప్పి ఒక్కటే కాదు, రక్తస్రావం, గడ్డలు, ఎముక విరిగి కాలు తీసేయాల్సి వచ్చే ప్రమాదం కూడా ఉన్నాయి. వృత్తి గోల్ఫర్ల పోటీలు నడిపే పీజీఏ టూర్ కార్ట్‌కు ఒప్పుకోకపోవడంతో వికలాంగుల హక్కుల చట్టం కింద 1997లో కేసు వేశాడు. కోర్టు ఇచ్చిన తాత్కాలిక అనుమతితో ఆడుతూనే 1998 జనవరిలో టూర్ కింది స్థాయి టోర్నీ ఒకటి గెలిచాడు కూడా.

టూర్ వాదన ఇది: నడకతో వచ్చే అలసట కూడా పోటీలో భాగం, ఒకరికి దాన్ని తప్పిస్తే ఆట స్వభావమే మారిపోతుంది. ఆర్నాల్డ్ పామర్, జాక్ నిక్లాస్, కెన్ వెంచురీ లాంటి మహామహులు టూర్ తరఫున సాక్ష్యమిచ్చారు. వెంచురీ మాటకు అక్కడ ప్రత్యేకమైన బరువుంది. 1964 యూఎస్ ఓపెన్‌లో చివరి రోజు మండుటెండలో 36 హోల్స్ ఆడి, స్పృహ తప్పే స్థితిలో గెలిచినవాడాయన. ఆ మరుసటి ఏడాది నుంచే చివరి రెండు రౌండ్లను రెండు రోజులకు విడదీశారు.

కింది కోర్టు మాత్రం అలసటను కొలిచి చూసింది. సుమారు అయిదు మైళ్లు అయిదు గంటల్లో నడిస్తే ఖర్చయ్యేది దాదాపు 500 కేలరీలని, ఒక బిగ్ మ్యాక్ బర్గర్‌లో ఉన్న శక్తి అంతకన్నా ఎక్కువని శరీరధర్మ శాస్త్రం ప్రొఫెసర్ ఒకరు చెప్పారు. విపరీతమైన ఎండలో మనిషిని పడగొట్టేది ఒంట్లో నీరు తగ్గిపోవడమే తప్ప నడక కాదని కూడా ఆయనే అన్నారు. వెంచురీ ఉదాహరణకు అదే జవాబు. పైగా మార్టిన్ కార్ట్ ఎక్కినా ఒక రౌండ్‌లో మైలుకు పైగా నడవక తప్పదు. కార్ట్‌లో తిరిగే మార్టిన్ పడే అలసట, నడిచే మిగతావాళ్ల అలసట కన్నా ఎక్కువేనని కోర్టు తేల్చింది. 2000 మార్చిలో అప్పీల్ కోర్టు ఆ తీర్పును సమర్థిస్తే, మరుసటి రోజే ఇంకో అప్పీల్ కోర్టు అలాంటి కేసులోనే మరో ఆటగాడికి వ్యతిరేకంగా తీర్పిచ్చింది. ఇక సుప్రీంకోర్టుకు వెళ్లక తప్పలేదు.

2001 మే 29న 7-2తో మార్టిన్ గెలిచాడు. తీర్పు రాసిన జస్టిస్ స్టీవెన్స్ గోల్ఫ్ చరిత్రంతా తిరగేశారు. ఆటకు ప్రాణం షాట్ కొట్టడమే, ఆట నియమావళిలో కార్టుల మీద నిషేధం లేదు, టూర్ సొంతంగా నడిపే సీనియర్ల పోటీల్లోనే కార్టులున్నాయి అన్నారు. వ్యతిరేకించిన జస్టిస్ స్కాలియా బోలెడంత వెటకారం ఒలకబోశారు. ఏ ఆటలో ఏ రూల్ ప్రధానమో, ఏది కాదో చెప్పడం కోర్టుల పనా అన్నది ఆయన ప్రశ్న. ఆ ప్రశ్న కొట్టిపారేయదగ్గది కాదు. ఆటల్లో ప్రతి రూలూ ఎవరో ఒకరు ఇష్టప్రకారం పెట్టుకున్నదే కదా. కానీ నడవాలన్న నిబంధన ఆటతోపాటు పుట్టింది కాదు, కార్ట్ వచ్చాక దాన్ని ఆపడానికి పెట్టింది. దాన్ని 250 ఏళ్ల సంప్రదాయంగా చూపించబోతే నిలబడలేదు. ఇప్పటి నియమావళిలోనూ అంతే: కార్టులు వద్దనుకునే నిర్వాహకులు జీ-6 అనే నమూనా లోకల్ రూల్‌ను విడిగా అమలు చేసుకోవాలి. చేసుకోకపోతే కార్ట్‌కు అడ్డు లేదు.

కేలరీల మాట వచ్చింది కాబట్టి ఇంకో లెక్క. కొలరాడోలో 2008లో కొద్దిమంది ఆటగాళ్లను పరీక్షించి తొమ్మిది హోల్స్‌కు ఖర్చయ్యే శక్తిని కొలిచారు. బ్యాగ్ మోస్తూ నడిస్తే 721 కేలరీలు, బ్యాగ్‌ను చక్రాల ట్రాలీలో పెట్టి తోస్తే 718, క్యాడీ మోస్తే 613, కార్ట్‌లో తిరిగితే 411. కార్ట్‌లో తిరిగినా అంత ఖర్చవుతోందంటే స్వింగ్‌కూ, టీలూ గ్రీన్లూ ఎక్కి దిగడానికీ బాగానే పోతోందన్నమాట. తేడాను 18 హోల్స్‌కు రెట్టింపు చేస్తే, నడిచినందుకు అదనంగా పడేది సుమారు 400 నుంచి 620. కోర్టులో విన్న 500 ఈ రెండింటి మధ్యే పడుతుంది. ఇక ఆరోగ్యం సంగతికొస్తే, 3 లక్షల మంది స్వీడన్ గోల్ఫర్ల వివరాలతో కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు చేసిన అధ్యయనంలో వాళ్ల మరణాల రేటు అదే వయసు, అదే సామాజిక, ఆర్థిక స్థాయి ఉన్న మిగతా జనం కన్నా 40 శాతం తక్కువని తేలింది. అది నడక మహిమేనని అందరూ చెప్పేసుకుంటారు గానీ, గోల్ఫ్ ఆడేవాళ్లు ముందునుంచే ఆరోగ్యవంతులై ఉండొచ్చు కూడా.

ఎదురుగాలి 1990లలో మొదలైంది. నడకను ప్రోత్సహించడానికి అమెరికా గోల్ఫ్ సంఘం ప్రచారం చేపట్టింది గానీ, పెద్ద మలుపు ఒక వ్యాపారి వల్ల వచ్చింది. గ్రీటింగ్ కార్డుల వ్యాపారంలో సంపాదించిన మైక్ కీజర్ 1999లో ఓరెగన్ సముద్రతీరంలో బ్యాండన్ డ్యూన్స్ తెరిచాడు. పెద్ద నగరాలకు దూరం, గాలి, వాన, పైగా నడిచే ఆడాలి. డిజైనర్ డేవిడ్ మెక్లే కిడ్ స్కాట్లండ్ వాడు. మునిగిపోతుందనుకున్న ఆ కోర్సు బాగా ఆడింది, పక్కన మరిన్ని కోర్సులు లేచాయి. 2015 యూఎస్ ఓపెన్ జరిగిన చేంబర్స్ బే, 2017లో జరిగిన ఎరిన్ హిల్స్ కూడా నడక కోర్సులే. ఒకప్పుడు గతిలేక నడిచినదాన్ని ఇప్పుడు ఖరీదైన అనుభవంగా అమ్ముతున్నారన్న ఎత్తిపొడుపులో నిజం లేకపోలేదు. కాకపోతే న్యూయార్క్ రాష్ట్ర ప్రభుత్వ కోర్సు బెత్‌పేజ్ బ్లాక్‌లో కూడా కార్ట్ దొరకదు. అది ఎవరైనా వచ్చి ఆడుకునే కోర్సు.

ఆ బెత్‌పేజ్‌లోనే 2019 పీజీఏ చాంపియన్‌షిప్‌లో మోకాలి నొప్పితో జాన్ డేలీ కార్ట్ ఎక్కి ఆడాడు. అదే ఏడాది బ్రిటిష్ ఓపెన్‌కు అడిగితే నిర్వాహకులు కుదరదన్నారు. మరుసటి ఏడాది కోవిడ్ వచ్చి, ఒక కార్ట్‌లో ఇద్దరు కూర్చోకూడదన్నప్పుడు చాలామంది మొదటిసారి నడిచి చూశారు. మహిళల ఎల్‌పీజీఏ టూర్ క్యాడీ లేకుండా ట్రాలీ తోసుకుంటూ ఆడటానికి కూడా వీలిచ్చింది. అప్పటిదాకా ట్రాలీని చిన్నచూపు చూసిన క్లబ్బుల్లోకి కూడా అది వచ్చి చేరింది.

అయినా కాలనీల మధ్య సాగదీసిన కోర్సులో గ్రీన్‌ను ఎత్తి టీ పక్కన పెట్టలేం. నడక పెరిగేది కొత్తగా గీసే కోర్సుల్లో, కార్టుల కాలానికి ముందు కట్టిన పాత కోర్సుల్లో. ఆ పాతవాటిలో అడ్డు నేల కాదు, బిల్లు. కార్ట్ అద్దె ఫీజులో కలిసి ఉన్నంతకాలం నడిచేవాడూ ఎక్కనిదానికి డబ్బు కడుతూనే ఉంటాడు. అద్దెను విడిగా చూపిస్తే కార్ట్ అక్కర్లేనివాళ్లు ఎందరో క్లబ్బులకే తెలుస్తుంది. బహుశా విడదీయకపోవడానికి కారణం కూడా అదే కావచ్చు.