రెయిల్ మీద స్కేట్‌బోర్డు గ్రైండ్: అపోహలు - వాస్తవాలు

బరంపురంలో సాయంత్రాలు పిల్లలకు స్కేట్‌బోర్డు నేర్పుతున్నాను. ఎక్కువ మంది తెలుగిళ్ల పిల్లలే. గ్రైండ్ అంటే బోర్డు అడుగున చక్రాలను పట్టి ఉంచే లోహపు భాగాలను, అంటే ట్రక్కులను, రెయిల్ మీద ఆనించి జారడం. మాకున్నది ఒక్కటే రెయిల్: వెల్డింగు షాపులో చేయించిన చదరపు ఇనుప గొట్టం, మోకాలికి సగం ఎత్తు. దాని ముందు నిలబడి పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు అనే మాటలే ఇవి.

అపోహ: భయమేస్తే కాస్త వెనక్కి వాలితే దెబ్బ తగలదు.

వాస్తవం: ఇంతకంటే ప్రమాదకరమైన అపోహ లేదు. బరువు వెనక్కి పడగానే బోర్డు కాళ్ల కింది నుంచి ముందుకు దూసుకుపోతుంది. పిల్లవాడు వెల్లకిలా పడతాడు, తల వెనుక భాగం నేలకు తగులుతుంది. నాచు పట్టిన మెట్టు మీద కాలు జారినట్టే. రెండు ట్రక్కులూ రెయిల్ మీద ఉండే ఫిఫ్టీ-ఫిఫ్టీ అనే గ్రైండ్‌తో మొదలుపెట్టాలి. మోకాళ్లు వంచి, భుజాలు రెయిల్ పొడవునే ఉంచి, నడుమును సరిగ్గా రెయిల్ పైన నిలిపి, చివరి అంచును చూడాలి. భయం పోయాకే ఎక్కమని నేనెవరికీ చెప్పను. కదలని బోర్డును రెయిల్ మీద పెట్టి, నా చేతులు పట్టుకుని నిలబడమంటాను. బరువు ఎక్కడుండాలో కాళ్లకు అప్పుడు తెలుస్తుంది. పదేళ్ల పాప ఒకతె మూడు వారాలు ఇదొక్కటే చేసింది. తొందరపెట్టనందుకు ఇప్పటికీ సంతోషిస్తున్నాను.

అపోహ: ఒల్లీ రాకపోయినా రెయిల్ ఎక్కవచ్చు.

వాస్తవం: బోర్డుతో సహా గాలిలోకి లేచే ఆ గెంతే రెయిల్‌కు మెట్టు. 1970ల చివర అమెరికా స్కేటర్ అలన్ గెల్ఫాండ్ దాన్ని కనిపెట్టాడు. తరువాత మరో స్కేటర్ రాడ్నీ ముల్లెన్ చదును నేల మీద చేసి చూపాడు. వీధి రెయిళ్లకు దారి తెరిచింది అదే.

అపోహ: బోర్డు బాగా జారడానికి రెయిల్‌కు మైనం ఎంత పూస్తే అంత మంచిది.

వాస్తవం: గరుకు సిమెంటు గట్టుకు మైనం కావాలి, నున్నటి ఇనుముకు కొద్దిగా చాలు. గోపాల్‌పూర్ సముద్రం మనకు దగ్గర. ఉప్పుగాలికి, వానలకు గొట్టం త్వరగా తుప్పు పడుతుంది. తుప్పు మీద మైనం రాసి లాభం లేదు. ఎమరీ కాగితంతో రుద్ది, పొడిగుడ్డతో తుడిచి, కొవ్వొత్తిని ఒక్కసారి తేలిగ్గా రాయండి.

చక్రాల విషయంలోనూ పొరపాటు పడతారు. చక్రం ఎంత గట్టిదో దాని మీది అంకె చెబుతుంది, అంకె పెరిగితే గట్టిదనం పెరుగుతుంది. మన గతుకుల రోడ్లకు 78ఎ మెత్తటి చక్రాలు హాయిగా ఉంటాయి, కానీ రెయిల్‌కు తగిలితే పట్టేస్తాయి. గ్రైండ్‌కు 99ఎ దరిదాపుల గట్టివే తీసుకోండి.

అపోహ: ఇది మగపిల్లల ఆట.

వాస్తవం: 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో మహిళల స్కేట్‌బోర్డింగ్‌లో స్ట్రీట్ (వీధిలో ఉండే రెయిళ్లు, మెట్ల లాంటి వాటి మీద చేసే పోటీ) స్వర్ణం జపాన్ అమ్మాయి మొమీజీ నిషియాది, రజతం బ్రెజిల్ అమ్మాయి రైస్సా లియాల్‌ది. ఇద్దరికీ అప్పుడు 13 ఏళ్లే.

అపోహ: ఇంట్లో ఉన్న మోటారు సైకిల్ హెల్మెట్ సరిపోతుంది.

వాస్తవం: అది బరువు, పైగా కాళ్ల దగ్గరి చూపును అడ్డుకుంటుంది. తల వెనుక కిందిదాకా కప్పే స్కేట్ హెల్మెట్ కొనండి. అది లేకుండా వచ్చిన పిల్లలను ఆ సాయంత్రం గట్టు మీదే కూర్చోబెడతాను, ఎంత బతిమాలినా.