తోతాపురి సీజన్‌కు ఎంత రౌటర్ కావాలి?

జూన్‌లో చిత్తూరు చుట్టుపక్కల పల్ప్ ఫ్యాక్టరీల ముందు తోతాపురి కాయల ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. లోపల గుజ్జు తీసే యంత్రాలకు రాత్రీ పగలూ విశ్రాంతి ఉండదు. సీజన్ అయిపోయాక అదే షెడ్డులో కోల్డ్ రూము, నాలుగు లైట్లు తప్ప పెద్దగా ఏమీ నడవవు. ఇలాంటి చోట పైకప్పు మీది సోలార్‌ను, బ్యాటరీని, బయటి కరెంటు లైనును కలిపి నడిపే ఎనర్జీ రౌటర్ పెట్టాలనుకుంటే మొదట వచ్చే ప్రశ్న "ఎన్ని కిలోవాట్లది కొనాలి?" అని. దీనికి ఒక్క అంకెతో జవాబు చెప్పకూడదని నా గట్టి అభిప్రాయం.

ఇంటర్నెట్ రౌటర్ సమాచారాన్ని ఎటు పంపాలో చూసుకున్నట్టే, ఇది కరెంటు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లాలో చూసుకుంటుంది. అమెరికాలో నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ కేంద్రంగా 2008లో మొదలైన ఫ్రీడమ్ పరిశోధన కేంద్రం ఈ ఆలోచన మీద చాలా పని చేసింది. లైనులో కరెంటు సెకనుకు 100 సార్లు దిశ మారుతుంది. రౌటర్ లోపల దాన్ని వేల సార్లు మారేలా చేస్తారు. అందుకే లోపలి ట్రాన్స్‌ఫార్మర్ చాలా చిన్నదైపోతుంది.

చిన్నదవడంలోనే చిక్కు కూడా ఉంది. వీధి చివర స్తంభం మీది ట్రాన్స్‌ఫార్మర్‌కు ఓర్పు ఎక్కువ. కాసేపు లోడ్ పెరిగినా నూనె, ఇనుము నెమ్మదిగా వేడెక్కుతాయి కాబట్టి తట్టుకుంటుంది. రౌటర్‌లోని సిలికాన్ చిప్ గోరంత ఉంటుంది, లోడ్ మీద పడితే క్షణంలో కాలిపోతుంది.

10 హెచ్‌పీ మోటారును చూడండి. నిలకడగా తిరిగేటప్పుడు సుమారు 15 ఆంపియర్లు తీసుకుంటుంది. నేరుగా స్విచ్ వేస్తే మాత్రం మొదటి కొన్ని సెకన్లు దాదాపు 90. షెడ్డులో లైట్లు ఒక్కసారి మసకబారేది అప్పుడే. మొదట తక్కువ వోల్టేజీతో మోటారును కదిలించే స్టార్-డెల్టా స్టార్టర్ పెడితే లైను మీద పడేది మూడో వంతుకు దిగుతుంది, మోటారు వేగాన్ని మెల్లగా పెంచే డ్రైవ్ పెడితే ఇంకా తగ్గుతుంది. ఆ కొన్ని సెకన్ల కోసం పెద్ద రౌటర్ కొనే ముందు ఒక మంచి డ్రైవ్ కొనడం మేలు.

ఇక రౌటర్‌కు యంత్రాలు, బ్యాటరీ, సోలార్ కలిసే ఒక్కో ద్వారానిదీ ఒక్కో లెక్క. యంత్రాల వైపు అన్నీ కలిసి నడిచినప్పుడు 60 కిలోవాట్లు, పవర్ ఫ్యాక్టర్ (లైను మోసే మొత్తంలో నిజంగా పనికొచ్చే వంతు) 0.8 అయితే 75 కేవీఏ, అంటే ఆ మొత్తాన్ని మోయగల రౌటర్ కావాలి. బ్యాటరీ వైపు అంత అక్కర్లేదు. రాత్రి కరెంటు పోతే కోల్డ్ రూము ఆగకూడదు, అంతే. దానికి 20 కిలోవాట్లు చాలనుకుంటే ద్వారం 20కి సరిపోవాలి. రెండు గంటలు నడవాలంటే 40 యూనిట్లు, బ్యాటరీని అడుగంటా ఖాళీ చేయకూడదు కాబట్టి 50 యూనిట్ల బ్యాటరీ.

సోలార్ వైపు మనకు తోచని సమస్య చలి. చల్లబడితే పలకల వోల్టేజీ పెరుగుతుంది. 49 వోల్టుల పలకలు 20 వరసగా కలిపితే 980. అది పలక 25 డిగ్రీల వద్ద ఉన్నప్పటి లెక్క. డిగ్రీకి సుమారు 0.3 శాతం చొప్పున 15 డిగ్రీల డిసెంబరు ఉదయం 1,009కి చేరుతుంది. ద్వారం 1,000 వోల్టుల వరకే తట్టుకునేదైతే కాలేది ఎండాకాలంలో కాదు, చలికాలంలో! ఒక పలక తగ్గించుకుంటే టెన్షన్ ఉండదు.

వేడి సంగతీ చిన్నది కాదు. రౌటర్‌కు 97 శాతం సామర్థ్యం అంటే వినడానికి బాగుంటుంది. కానీ 60 కిలోవాట్ల దగ్గర మిగతా మూడు శాతం 1.8 కిలోవాట్లు, రెండు ఇస్త్రీ పెట్టెలు ఆపకుండా కాలుతున్నంత వేడి. మే నెలలో రేకుల షెడ్డు కింద రౌటర్ పెడితే అది తనను తాను కాపాడుకోవడానికి పూర్తి శక్తి ఇవ్వకుండా తగ్గించుకుంటుంది. నీడ, గాలి ఉన్న గది కట్టించాలి.

100 కేవీఏ రౌటర్ ఒకే పెట్టెగా కొంటే అక్టోబరులో ఐదు కిలోవాట్ల లోడ్‌కు కూడా మొత్తం మేలుకొని ఉండి కరెంటు వృథా చేస్తుంది. 25 చొప్పున నాలుగు మాడ్యూళ్లు, అంటే కలిపి వాడుకునే చిన్న పెట్టెలు, తీసుకుంటే అప్పుడు ఒక్కటే నడుస్తుంది. జూన్‌లో ఒకటి పాడైనా మిగిలిన మూడూ 75 ఇస్తాయి. ట్రాక్టరులోని కాయ కుళ్లేలోపే గుజ్జవుతుంది.