శివసాగర్ చూసొచ్చి రాస్తున్న ఉత్తరం

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

కార్తీకంలో నేనూ అమ్మమ్మా అస్సాంలోని శివసాగర్ అనే ఊరు వెళ్ళొచ్చాక మీరు ఫోన్లో ఎలా ఉందని అడిగితే "బాగుంది" అని ఒక్క ముక్కలో తేల్చేశాను. ఆ ఊరికి అంత తక్కువ మాట సరిపోదు. అందుకే తీరిగ్గా కూర్చున్నాను.

శివసాగర్‌లో సాగర్ అంటే సముద్రం అనుకునేరు. అది ఊరి నడిమధ్య ఉన్న చెరువు. బోర్‌పుఖురి అంటారు, పెద్ద చెరువని అర్థం. 1734లో అంబిక అనే రాణి తవ్వించి, గట్టున మూడు గుళ్ళు కట్టించింది. అందులో శివాలయం శిఖరం వంద అడుగులు దాటుతుంది. దేశానికి తూర్పు కొస కాబట్టి తెల్లారడం బాగా ముందే. మేం గట్టు మీద నడిచే వేళకి నీళ్ళ మీద పిట్టలు, గుడి గంట, అంతే.

ఇంత నెమ్మదైన ఊరు ఒకప్పుడు రాజధాని. 1228లో సుకాఫా అనే ఆయన తన మనుషులతో పట్కాయ్ కొండలు దాటి వచ్చి అహోం రాజ్యం స్థాపించాడు. అది దాదాపు 600 ఏళ్ళు నిలిచింది. ఈ ఊరిని అప్పట్లో రంగపూర్ అనేవాళ్ళు.

మీకు బాగా నచ్చేది రంగ్ ఘర్. బిహూ పండగలప్పుడు రాజుగారు పైన కూర్చుని దున్నపోతుల పోట్లాటలు చూసేందుకు కట్టిన రెండంతస్తుల మండపం. ఇప్పుడున్న ఇటుక కట్టడం 1744లో గద్దెనెక్కిన ప్రమత్త సింహుడిది. పైకప్పు పడవని బోర్లించినట్టు ఉంటుంది, దాని మీద రెండు రాతి మొసళ్ళు. ఇటుకల మధ్య సిమెంటు లేదు. బంకగా ఉండే బియ్యప్పిండి, బాతు గుడ్లు, సున్నం కలిపి అతికించారట. మన గానుగ సున్నంలో బెల్లమూ గుడ్లూ వేసేవాళ్ళు కదా, అలాగే. నేను గోడ మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డాను. చల్లగా, గట్టిగా ఉంది.

దగ్గర్లోని చరాయిదేవ్‌లో ఆ రాజుల సమాధులున్నాయి. లోపల ఇటుక గది, పైన గడ్డి మొలిచిన మట్టి దిబ్బ. మైదామ్ అంటారు. 2024లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

అక్కడికి వెళ్ళే దారి పొడుగునా టీ తోటలే. మున్నార్‌లోలాగా కొండవాలు కాదు, మన వరి మళ్ళలా చదునైన నేల. మీరు గుర్తుపెట్టుకోవాల్సింది ఇక్కడే ఉంది. 1826లో అస్సాం ఇంగ్లీషువాళ్ళ చేతిలోకి పోయింది. ఆ తర్వాత పదమూడేళ్ళకే, 1839లో, అస్సాం టీ లండన్‌లో వేలానికి వెళ్ళింది. మణిరామ్ దీవాన్ అనే అస్సామీ పెద్దమనిషి సొంతంగా టీ తోటలు వేసి, తెల్లదొరలకి దీటుగా నిలిచాడు. 1857 తిరుగుబాటు సమయంలో అహోం యువరాజుని మళ్ళీ గద్దెనెక్కించాలని చూశాడని 1858 ఫిబ్రవరిలో జోర్హాట్‌లో ఉరితీశారు. ఆయన తోటల్ని వేలం వేసేశారు. మనం తాగే టీ వెనక ఇలాంటి మనిషి ఉన్నాడని నాకు ఈ వయసుదాకా ఎవరూ చెప్పలేదు.

ఆకు కోసే ఆడవాళ్ళని దగ్గర్నుంచి చూశాం. నుదుటికి తగిలించిన పట్టీతో వీపు మీద బుట్ట. రెండాకులు, ఒక మొగ్గ. పుటుక్కున తుంచి, పిడికిలి నిండగానే వెనక్కి వేస్తారు. తల తిప్పి చూడరు. నాలుగు కిలోలకి పైగా పచ్చాకు ఉంటేగానీ కిలో టీ రాదు. వీళ్ళ ముత్తాతల్ని ఏజెంట్లు ఛోటానాగ్‌పూర్ నుంచి, గంజాం నుంచి, మన విశాఖ ఏజెన్సీ నుంచి కూడా తోలుకొచ్చారు. పారిపోతే పట్టి తెచ్చే హక్కు తోట యజమానులకి చట్టమే ఇచ్చింది. ఒక తెలుగు మాటైనా వినపడుతుందేమోనని చెవులు రిక్కించాను. వినపడలేదు గానీ, ఒక పెద్దావిడ నవ్వి నా చేతిలో ఒక చిగురు పెట్టింది.

రెండు పొట్లాలు పంపుతున్నాను. ఒకటి మనింట్లో వాడే గుళికల టీ, సీటీసీ అంటారు. ఆకుని నలిపి, చింపి, చుట్టి ఈ గుళికలు చేసే యంత్రం 1930ల్లో ఈ అస్సాంలోనే పుట్టింది. రెండోది ఆకు టీ. రెండు గాజు గ్లాసుల్లో వేడినీళ్ళు పోసి చెరో చెంచా వెయ్యండి. గుళికలు గబుక్కున రంగు దిగుతాయి. ఆకు మాత్రం మెల్లిగా విచ్చుకుంటుంది. విచ్చుకున్నాక అందులో మొగ్గ ఎక్కడుందో వెతికి నాకు రాయండి.

మీ
తాతయ్య